ఆ జీపుకు అడ్వాన్సు కట్టకండి

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల. ఈ దారిలో ఎక్కడున్నవారికైనా ఒకటే మనవి. పాత ఓపెన్ జీపో, జిప్సీయో, కాంటెస్సానో కొత్తదానిలా తయారుచేశామంటూ మీ ఫోన్‌కు ఎవరైనా ఫొటోలు పంపి ఉంటే, టోకెన్ అడ్వాన్సు కింద పది వేలే కదా అని మీరు పంపబోతుంటే, ఆగండి. బండిని కళ్ళారా చూసేదాకా, దాని కింద పడుకుని చూసేదాకా, దాని నంబరు చేత్తో తడిమి చూసేదాకా ఒక్క రూపాయి కదలనివ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొన్న రాత్రి మా బావ నాకు నాలుగు ఫొటోలు పంపాడు. ఎర్ర రంగు జీపు, ముందు పసుపు ఫాగ్ లైట్లు, వెడల్పాటి టైర్లు. ఎవరో తెలిసినవాళ్ళు కొనబోతూ ఆయన సలహా అడిగారట. జీపు వేరే. దాని వెనుక ఉన్న గోడ మాత్రం అదే. సున్నం పెచ్చులూడి, కుడి మూల నీలం డ్రమ్ము ఉన్న ఆ గోడను మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేరు. ఆరు నెలల కిందట బావ కొన్న జీపుకు కూడా ఆ గోడ ముందే ఫొటో తీశారు.

మన ప్రాంతంలో స్పోర్ట్స్ కారంటే నేలకు ఆనుకుని నడిచే రెండు సీట్ల కారు కాదు. అలాంటిది ఇల్లెందు రోడ్డు మీద బొగ్గు లారీల మధ్య రెండు రోజులు కూడా నిలవదు. ఇక్కడి కుర్రాళ్ళ కలలో ఉండేది పైకప్పు లేని జీపు. అది ఇవాళ పుట్టిన మోజు కూడా కాదు. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మన అడవుల్లోకి వెళ్ళిన ప్రతి ప్రభుత్వోద్యోగీ దాదాపు ఆ బండిలోనే వెళ్ళాడు. ఫారెస్టు రేంజరు వచ్చినా, మలేరియా మందు చల్లేవాళ్ళు వచ్చినా, సింగరేణి ఇంజనీరు వచ్చినా, ఓట్లడిగే నాయకుడు వచ్చినా ముందు వినిపించేది జీపు చప్పుడే. చర్ల, వెంకటాపురం వైపు బస్సు లేని ఊళ్ళకు పెళ్ళివాళ్ళను మోసిందీ, నెలలు నిండిన ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చిందీ అదే. అలాంటి బండి మీద మనసు పడటం తప్పని నేను అనను. తండ్రికి దొరకనిది కొడుక్కు కొనివ్వాలనుకోవడం అంతకన్నా తప్పు కాదు. ఆ ప్రేమను కనిపెట్టి దాన్నే గాలంగా వేస్తున్నవాళ్ళ గురించే నా బాధ.

మా బావ సింగరేణిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో ఇంటి అప్పు తీర్చి, కూతురి పేర కొంత వేసి, మిగిలిన దాంట్లో కొడుకు కోరిక తీర్చాలనుకున్నాడు. ఆరున్నర లక్షలకు బేరం కుదిరింది. బండి బయలుదేరకముందే నాలుగు లక్షలు కట్టాడు. పది రోజులకు రాత్రిపూట కంటైనర్ లారీలో జీపు దిగింది. టార్పాలిన్ లాగగానే వీధిలో పిల్లలంతా చుట్టూ చేరారు. అక్క టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. బండి తెచ్చినవాడు మిగతా డబ్బు అక్కడికక్కడే తీసుకుని, పేపర్లన్నీ వారంలో వస్తాయని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకే కుడివైపు అడుగున గలగలమని చప్పుడు మొదలైంది. ఖమ్మంలో నాకు తెలిసిన ఒక టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడి పెద్దమేస్త్రికి డెబ్బై ఏళ్ళుంటాయి. ఆయన ముందు చప్పుడు వినలేదు. పాత స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి జేబులోంచి తీశాడు. బానెట్ మీద పెడితే టక్కున అంటుకుంది. పక్క రేకు మీద పెట్టి చెయ్యి వదిలితే జారి కింద పడింది. ఒక జానెడు పక్కకు జరిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. స్క్రూడ్రైవర్ మొనతో చిన్నగా గీశాడు. ఎరుపు పోయింది, దాని కింద బూడిద రంగు ప్రైమర్ పోయింది, ఆ తర్వాత పాలిపోయిన పసుపు పొడి రాలుతూనే ఉంది. బొటనవేలి మందం.

“సార్, ఇది ఇనుము కాదు. లప్పం,” అన్నాడు.

కాళ్ళ కింది రబ్బరు మ్యాటు ఎత్తించాడు. పల్చటి రేకు ఒకటి రివిట్లు కొట్టి పరిచి ఉంది. నాలుగు రివిట్లు తీసి రేకు లేపితే, అసలు నేల అప్పడంలా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఆ చిల్లుల్లోంచి షెడ్డు నేల కనిపించింది. తర్వాత ఆయన గుడ్డను పెట్రోలులో తడిపి ఛాసిస్ మీద నంబరు కొట్టిన చోట రుద్దాడు. దాని మీద తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో గీశాడు. ఆర్టీవో ఆఫీసులో తీసే పెన్సిల్ ప్రింటే. కాగితాన్ని వెలుతురుకు పట్టి ఒక అంకె చూపించాడు. ఎనిమిది. దాని కడుపులో ఎడమవైపు గీతలు మిగతా గీతలకన్నా సన్నగా, కొత్తగా ఉన్నాయి.

“ఈ ఎనిమిది పుట్టినప్పుడు మూడు సార్.”

బావ ఏమీ మాట్లాడలేదు. పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. నేను నీళ్ళ సీసా ఇస్తే తీసుకుని, మూత తిప్పకుండా చేతిలోనే పట్టుకున్నాడు. చాలాసేపటికి, “మీ అక్కకు ఇప్పుడే చెప్పకు బామ్మర్దీ,” అన్నాడు. ఆ జీపు ఇప్పుడు ఒక పోలీసు స్టేషన్ ఆవరణలో ఉంది. అమ్మినవాడి ఫోన్ ఆ వారమే పనిచేయడం మానేసింది.

ఇది ఒక్క కుటుంబానికి జరిగిన మోసమని అనుకోవద్దు. ఈ వ్యాపారం నడిచే పద్ధతే ఇది. ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

పాత బండి వ్యాపారంలో ఇనుము కన్నా కాగితానికే విలువెక్కువ. కొత్త బాడీ రేకులు, కొత్త ఛాసిస్, వేరే బండి ఇంజను, వేరే బండి గేరుబాక్సు తెచ్చి జీపు ఆకారంలో బిగించడం పెద్ద విద్య కాదు. హర్యానాలో సిర్సా జిల్లా మండీ డబ్వాలీ ఊరికి ఆ పనితోనే దేశమంతా పేరొచ్చింది. అక్కడ చేసేదంతా దొంగ సరుకని నేను అనడం లేదు. పనితనం ఉన్నవాళ్ళున్నారు. కానీ కొత్తగా బిగించిన బండికి పుట్టుక ఉండదు. అది రోడ్డెక్కాలంటే చచ్చిపోయిన బండి పేరు ఒకటి కావాలి. అందుకే మూలనపడ్డ జీపుల సీ-బుక్కులకు గిరాకీ. ఆ సీ-బుక్కులో ఉన్న నంబరును కొత్త ఛాసిస్ మీద పంచింగ్ కొడతారు, లేదా దొంగిలించిన బండి నంబరు అరగదీసి ఈ నంబరు ఎక్కిస్తారు.

ఆ సీ-బుక్కులు ఎక్కడివి? మన ఊళ్ళవే. పొగాకు, మిరప పండించిన కుటుంబాల ఇళ్ళల్లో చింతచెట్టు కింద తీగలల్లుకుపోయిన జీపు ఒకటి ఉంటుంది. ఎవరో వచ్చి, “అయ్యా, బండి మాకొద్దు, ఇనుము మీరే అమ్ముకోండి, కాగితాలిస్తే పాతిక వేలిస్తాం” అంటారు. ఇవ్వకండి. బండి పాడై పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి సీ-బుక్కు తిరిగివ్వాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వకుండా కాగితం అమ్మితే, ఆ పేరుతో తిరిగే బండి రేపు ఎవరిని గుద్దినా నోటీసు మీ గుమ్మానికే వస్తుంది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. బండి ఎన్ని చేతులు మారినా సరే, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉందో వాళ్ళే పరిహారానికి బాధ్యులు. ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఆ సంతకం విలువ ఒక ప్రాణం ఖరీదంత కావచ్చు.

ఖమ్మం, భద్రాచలం వాళ్ళకు ఈ ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎందుకు ఎక్కువో చెప్పాలి. మనది నాలుగు రాష్ట్రాలు దగ్గరపడే చోటు. 2014లో మండలాల విలీనం తర్వాత భద్రాచలం పట్టణం దాటగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్. 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు దాటి ముందుకెళ్తే కుంట, అది ఛత్తీస్‌గఢ్. అటు నది అవతల మల్కన్‌గిరి, ఒడిశా. ఒక్క పూటలో ఒక బండి నాలుగు రవాణా శాఖల పరిధి తిరిగి రాగలదు. ఇక నంబర్లు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బండికి ఏపీ 20. రాష్ట్రం విడిపోయాక ఖమ్మానికి టీఎస్ 04, 2016లో జిల్లాలు చేశాక భద్రాద్రి కొత్తగూడేనికి టీఎస్ 28, 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఏపీ 20 అని రాసి ఉన్న జీపు కనబడగానే “మన జిల్లా బండే” అని నమ్మేస్తాం. ఆ నమ్మకం మీదనే దెబ్బ కొడతారు. ఆ బోర్డు రేకు ఎవరైనా కొట్టించుకోవచ్చు.

ఇంకో సంగతి. ఒడిశా సరిహద్దు నుంచి చింతూరు, భద్రాచలం మీదుగా హైదరాబాదు వైపు గంజాయి తరలే దారి ఇది. చెక్‌పోస్టుల దగ్గర పట్టుబడ్డ బండ్ల ఫొటోలు పత్రికల్లో మీరు చూస్తూనే ఉన్నారు. సీటు కింద అర, డిక్కీ అడుగున రెండో నేల, డీజిలు ట్యాంకులో గది. అలా మార్చిన బండి పట్టుబడకముందే చేతులు మారవచ్చు. దాన్ని తుడిచి రంగు వేసి “మోడిఫైడ్” అని అమ్మవచ్చు. నేల రెండు పొరలుగా ఉందంటే తుప్పు దాచడానికైనా కావచ్చు, మరొకటి దాచడానికైనా కావచ్చు. చెక్‌పోస్టులో టార్చి లైటు వేసి ఆ అర చూసిన కానిస్టేబులుకు మీరు కొత్తగా కొన్నారని ఎలా తెలుస్తుంది? మాదకద్రవ్యాల చట్టం కింద బండిని జప్తు చేసే అధికారం ఉంది. తన ప్రమేయం లేదని నిరూపించుకోవాల్సింది బండి యజమానే.

టేకు సంగతీ అంతే. అటవీ చట్టం 44వ సెక్షన్ కింద దుంగలు మోసిన బండిని అటవీ అధికారులు స్వాధీనం చేసుకుని జప్తు చేయగలరు. జప్తు ప్రక్రియలో ఉన్న బండిని సగంలో ఎవరైనా మీకు అంటగడితే, డబ్బు ఒకరి దగ్గర, బండి ఒకరి దగ్గర, మీరు మాత్రం ఆఫీసుల చుట్టూ.

“ఇది ఫారెస్టు వాళ్ళ వేలంలో కొన్నది”, “సింగరేణి వేలంలో పాడుకున్నది” అనే మాట విన్నప్పుడు మరింత జాగ్రత్త పడండి. ఒకప్పుడు ఆ మాటకు అర్థం ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి లేదు. కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వరంగ సంస్థల బండ్లకు 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి వెళ్ళాలి. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. కాబట్టి పాత సర్కారు జీపును ఈమధ్యే వేలంలో కొన్నానని ఎవరైనా చెబితే, వేలం కాగితం, దాని తేదీ, రిజిస్ట్రేషన్ స్థితి, మూడూ అడగండి. తుక్కుకు పోవాల్సినది మళ్ళీ రోడ్డు మీదకు వచ్చిందేమో చూసుకోవాల్సింది మీరే.

సైన్యం వేలమన్నా అంతే. నిరుడు, 2025 సెప్టెంబరులో, కేరళలో కస్టమ్స్ వాళ్ళు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో దాడులు చేశారు. భూటాన్ సైన్యం అమ్మేసిన పాత ల్యాండ్ క్రూజర్ల వంటి బండ్లు సరిహద్దు దాటి, తప్పుడు కాగితాలతో మన రాష్ట్రాల్లో రిజిస్టరై, అక్కడి నుంచి చేతులు మారాయన్నది వాళ్ళ ఆరోపణ. సినిమా నటుల ఇళ్ళ నుంచి కూడా బండ్లు తీసుకెళ్ళారు. లక్షలు పోసి, న్యాయవాదుల్ని పెట్టుకోగలిగినవాళ్ళే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అంతకుముందు 2020 డిసెంబరులో, మన దేశంలో తయారైన స్పోర్ట్స్ కారు డీసీ అవంతీ విషయంలో, ఒకే ఇంజను, ఛాసిస్ నంబర్లతో ఒకటికి మించి రిజిస్ట్రేషన్లు, ఒకే కారు మీద ఒకటికి మించి అప్పులు ఉన్నాయనే ఆరోపణతో ముంబై పోలీసులు కేసు పెట్టి ఆ సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. ఆరోపణ నిజమో కాదో తేల్చేది కోర్టు. షోరూమ్ కారుకే ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు, గోడ ముందు నిలబెట్టి ఫొటో తీసిన జీపు నంబరును నోటిమాట మీద ఎలా నమ్ముతాం?

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయనుకుందాం. అప్పుడైనా మార్పుల సంగతి మిగిలే ఉంటుంది. “అంతా ఆర్‌సీలో ఎక్కించి ఇస్తాం” అని అమ్మేవాళ్ళు చెప్పే మాట చాలావరకు అబద్ధం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చట్టం 52వ సెక్షన్. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు చెందిన జయచంద్ర కేసులో దీన్ని మరోసారి గట్టిగా చెప్పింది. ఆమోదం ఉన్న గ్యాస్ కిట్టు, ముందస్తు అనుమతితో అదే రకం ఇంజను మార్పిడి వంటి కొన్నిటికే దారి ఉంది. పెట్రోలు జీపులో బొలెరో డీజిల్ ఇంజను బిగించి, ఛాసిస్ కోసి పొడుగు చేసి, పైకప్పు తీసేసి, చక్రాలు రేకు దాటి బయటికి వచ్చేలా పెడితే అవి ఒక తప్పు కాదు, నాలుగు తప్పులు. 182ఏ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మార్చినవాడు ఎక్కడో ఉంటాడు. యజమాని అంటే కొన్న మీరు.

జరిమానా కడితే పోతుంది. ప్రాణం అలా కాదు. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే.

పాత జీపు నాలుగు చక్రాలకూ ఉండేవి డ్రమ్ము బ్రేకులు. చాలావాటికి బూస్టరు కూడా ఉండదు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం పాత సీజే-3బీ రకానికి 80 అంగుళాలే. గంటకు యాభై, అరవై కిలోమీటర్ల కోసం చేసిన బండి అది. దానిలో రెట్టింపు బలమున్న ఇంజను పెడితే పరుగు పెరుగుతుంది, ఆగే శక్తి అలాగే ఉంటుంది. పెద్ద టైర్లు వేస్తే అదే బ్రేకు మరింత పెద్ద చక్రాన్ని ఆపాలి. పైగా టైరు పెద్దదైతే స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. నలభైలో ఉన్నాననుకునే కుర్రాడు యాభైలో ఉంటాడు. కమాన్ కట్టల కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచితే మలుపులో బండి బయటికి ఒరుగుతుంది. పట్టుకోవడానికి పైకప్పు లేదు, సీటు బెల్టు లేదు, వెనుక నిలబడ్డ నలుగురికి ఇనుప కడ్డీయే దిక్కు.

ఇప్పుడు ఈ బండిని చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కించి, సాయంత్రం దించండి. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంటుంది. డ్రమ్ములు వేడెక్కి షూలకు పట్టు తగ్గుతుంది. సిలిండర్లలో పాత బ్రేకు ఆయిలుంటే అది తేమ పీల్చుకుని ఉంటుంది, ఆ వేడికి మరిగి ఆవిరి పుడుతుంది. పెడల్ తొక్కితే మెత్తగా నేలను తాకుతుంది. ఆ క్షణంలో ఎదురుగా లారీ ఉండవచ్చు, మలుపు ఉండవచ్చు. లప్పం పెట్టి మూసిన ఛాసిస్ అతుకు అక్కడే విడిపోవచ్చు కూడా. సెలవురోజుల్లో ఇలాంటి జీపులు కుర్రాళ్ళతో కిక్కిరిసి బొగత జలపాతం వైపు, కిన్నెరసాని వైపు, ఘాట్ వైపు పోతుంటే చూస్తున్నాను. అందులో ఏ బండి బ్రేకు ఎవరు చూశారో అడిగే తల్లిదండ్రులు ఎంతమంది? ఇవాళ రాత్రే అడగండి.

బీమా ఉందిగా అంటారు. బండిలో చేసిన మార్పులు కంపెనీకి చెప్పారా? చెప్పకపోతే క్లెయిము దగ్గర తగాదా మొదలవుతుంది. అవతలివాళ్ళకు పరిహారం కట్టి, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునే పరిస్థితి కూడా రావచ్చు. మార్పులే లేవనుకున్నా, పాలసీలో రాసే విలువ మీరు పెట్టిన ధర కాదు. ఐదేళ్ళు దాటిన బండికి విలువ కంపెనీతో మాట్లాడి కుదుర్చుకోవాల్సిందే. ఏడు లక్షలు పెట్టి కొన్న జీపుకు పాలసీ మీద లక్ష ఉంటే, కాలిపోయిన రోజున మీకు గుర్తుండేది ఆ లక్షే.

“వింటేజ్ కింద చేయిస్తాం, అన్నీ మాఫీ” అని మరో మాట తిరుగుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు నిజమే. కానీ అవి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న బండ్లకు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, తర్వాత ఐదేళ్ళకోసారి 5,000. ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు, కిరాయికి తిప్పడానికి అసలే వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, ఇంధనం పోయించుకోవడానికో మాత్రమే. బొలెరో ఇంజనున్న జీపు దాని కిందికి రాదు. మామూలు పద్ధతిలో రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలన్నా ఖర్చు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన కారుకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, పక్క రాష్ట్రం బండైతే ఇక్కడి లైఫ్ ట్యాక్సు వేరే.

అసలుదేదో నకిలీదేదో అన్న ప్రశ్న పెద్దపెద్ద కార్లనూ వదల్లేదు. 1929లోనూ 1930లోనూ లె మాన్స్ పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారు 1990లో లండన్ కోర్టుకెక్కింది. కోటి పౌండ్ల బేరం అది. కొన్న కంపెనీ ఇది అసలు కారు కాదంది. 1929 నాటి భాగాలు అందులో దాదాపు ఏమీ మిగల్లేదని కోర్టు ఒప్పుకుంది. అయినా తీర్పు అమ్మినవాడి వైపే వచ్చింది. ఏ సంవత్సరం ఏ భాగం మారింది, ఎవరు మార్చారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అన్నది మధ్యలో తెగకుండా కనిపించింది. ఆ తెగని చరిత్రే ఆ కారును ఆ కారుగా నిలబెట్టింది. మీకు అమ్మజూపుతున్న జీపుకు అలాంటి చరిత్ర పది కాగితాల్లోనైనా ఉందా? మొదటి యజమాని ఎవరు, ఇంజను ఎప్పుడు మారింది, దానికి అనుమతి పత్రం ఏది, బాడీ ఎక్కడ కట్టారు, బిల్లేది? “అవన్నీ ఎందుకు సార్, బండి చూడండి” అన్నాడంటే అక్కడి నుంచి వచ్చేయండి.

కొనాల్సిందే అనుకుంటే ఇలా కొనండి. నంబరు తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. ఏ సంవత్సరం మోడలు, ఏ ఇంధనం, రిజిస్ట్రేషన్ ఎంతవరకు, అప్పు ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా, అన్నీ కనిపిస్తాయి. అక్కడ పెట్రోలు అని ఉండి బండి డీజిలుతో నడుస్తుంటే ఇక మాటల్లేవు. మీ మెకానిక్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్ళండి, అమ్మేవాడి మెకానిక్ వద్దు. లిఫ్టు మీదకో, గుంత మీదకో బండి ఎక్కించమనండి. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళండి. నంబరు పెన్సిల్ ప్రింటు మీరే తీసుకోండి, అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా, అక్కడొక్క చోటే రంగు మందంగా ఉందా చూడండి. పక్క రాష్ట్రం బండైతే ఫారం 28, అంటే ఎన్‌ఓసీ, చేతికి రానిదే డబ్బు వద్దు. ఎన్‌ఓసీ ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేసి నిజమేనా అడగండి. డబ్బు బ్యాంకు ద్వారానే, సీ-బుక్కులో పేరున్న మనిషి ఖాతాకే. మధ్యవర్తి ఖాతాకో, అతని బావమరిది ఫోన్ నంబరుకో వద్దు. మీ పేరున మార్చుకోవడానికి మీకు 30 రోజుల గడువుంది. వాయిదా వేయకండి.

ఇప్పటికే కొని, సందేహం ఉన్నవాళ్ళకు ఇంకో మాట. భయపడి దాన్ని మరొకరికి అమ్మేయకండి. దొంగ సొత్తని తెలిసీ చేతులు మారిస్తే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మీరే నేరస్థులవుతారు. బిల్లు, వాట్సాప్ మాటలు, బ్యాంకు రసీదులు, అన్నీ కాపీలు తీసి పెట్టుకుని, మీరే ముందుగా పోలీసు స్టేషన్‌కు వెళ్ళి రాతపూర్వకంగా చెప్పండి. బావ చేసింది అదే. డబ్బు ఇంకా రాలేదు, కానీ ఆయన పేరు నిందితుల జాబితాలో లేదు.

రవాణా శాఖకూ, పోలీసులకూ ఒక విన్నపం. ఖమ్మం, కొత్తగూడెం ఆర్టీవో ఆఫీసుల్లో వారానికి ఒక పూట పాత బండి కొనబోయేవాళ్ళ కోసం కేటాయించండి. బండి తీసుకొస్తే డబ్బు చేతులు మారకముందే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నంబరు చూసి చెప్పే ఏర్పాటు చేయండి. దానికి ఫీజు పెట్టండి, జనం సంతోషంగా కడతారు. భద్రాచలం వంతెన దగ్గర, చింతూరు వైపు ఘాట్ మొదలయ్యే చోట పర్యాటకుల జీపుల బ్రేకులు చూడండి. జరిమానా రాసి వదిలేయడం కాదు, బ్రేకు లేని బండిని అక్కడే ఆపండి.

బావ పంపిన ఫొటోల్లోని జీపు కొనబోతున్న ఆ కుటుంబం ఎవరో నాకు ఇంకా తెలియదు. బావ వాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. రేపు అడ్వాన్సు ఇస్తున్నామని మెసేజ్ మాత్రం పెట్టారట. వాళ్ళది మణుగూరు వైపు. ఎర్ర రంగు, పసుపు ఫాగ్ లైట్లు, వెనుక నీలం డ్రమ్ము. మీకు తెలిసినవాళ్ళే అయితే, ఇది పక్కన పెట్టి ముందు వాళ్ళకు ఫోన్ చేయండి.